లెన్సయ్య ధారపోసిన ఎరుపు

పిట్ట ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. అద్దం ముందు నిలబడి తనలో తాను కూడా అనుకోలేదు. వాళ్ళ బాబాయికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు.

ఇంకెవరి బాబాయికైనా అయితే అదేమంత ఘోరం కాదు. గోడలు కట్టే బాబాయో, బడిలో గంట కొట్టే బాబాయో అయితే జీవితం హాయిగా గడిచిపోయేది. ఈయనేమో కెమెరాలు బాగుచేసే బాబాయి, ఫోటోల్లో రంగులు సరిదిద్ది ప్రింట్లు తీసిచ్చే బాబాయి, బజారు బజారంతా లెన్సయ్య అని పిలుచుకునే బాబాయి. కొట్టు గోడ మీద "రంగు విషయంలో ఈ కన్ను తప్పదు" అని పెద్దపెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఆ అక్షరాలు ఏ రంగులో ఉన్నాయో ఆయనకి తెలీదు.

చేతులు మాత్రం బంగారం. నేల మీద మరమేకు పడితే చప్పుడు విని అది ఏ కెమెరాలోదో చెప్పగలడు. ఆ చేతుల పక్కన చేరే పిట్ట పని నేర్చుకుంది. రెండు చదువులు మొదలుపెట్టి రెండూ మధ్యలో వదిలేసిన పిల్ల. ఒకచోట కూర్చోమంటే ముళ్ళ మీద కూర్చోబెట్టినట్టు కదులుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. చచ్చిపోయిన కెమెరాల్ని విప్పి, ఫోనులో వీడియోలు చూసి, చెడగొట్టి, తిట్లు తిని, మళ్ళీ బిగించి, మొత్తానికి ఆ కొట్టులో ఒక్కచోట నిలిచింది.

రంగుల పాఠం మాత్రం మొదటిరోజే మొదలైంది. బాబాయి తెర మీద ఒక ఫోటో పెట్టి, చేతులు కట్టుకుని, పరీక్ష పెట్టే మాస్టారిలా అడిగేవాడు. ఈ గౌను ఏ రంగే అని. ఎరుపు అని పిట్ట అంటే, ఎరుపంటే సరిపోయిందా, ఎన్ని ఎరుపులున్నాయి లోకంలో, సరిగ్గా చెప్పు అని గద్దించేవాడు. దానిమ్మ గింజని నీడలో పెడితే ఉండే ఎరుపు బాబాయ్ అనేది పిట్ట. "ఆఁ, నేనూ అదే అనుకున్నా. నీకు తెలుసో లేదో చూద్దామని" అనేసి, ఆ ఎరుపే దిద్ది ప్రింటు తీసేవాడు. పిట్ట ఒళ్ళు పొంగిపోయేది. బాబాయి లాంటి కన్ను తనకీ వస్తోందనుకునేది.

తర్వాతోసారి జ్వరమొచ్చి ఆమె కొట్టుకి రాలేదు. ఆ రోజుల్లో అచ్చైన పెళ్ళి ఆల్బంలో పచ్చిక ఇటుక రంగుకి తిరిగింది, పెళ్ళికొడుకు మొహం పాచిపట్టిన గోడలా వచ్చింది. మిషను పాడైందే అన్నాడు బాబాయి, ఆమె కళ్ళలోకి చూడకుండా. మిషను బాగానే ఉంది. పిట్ట నోరెత్తకుండా ఆల్బం మొత్తం మళ్ళీ తీసింది. ఆ రోజు అర్థమైంది ఆ పరీక్షలన్నీ ఎవరి కోసమో. ఆ రోజునుంచి ఆయన అడగకముందే చెప్పడం అలవాటు చేసుకుంది. ఏదో తనలో తాను గొణుక్కుంటున్నట్టు, "ఈ ఆకుపచ్చలో పసుపు కాస్త ఎక్కువైందేమో" అని. బాబాయి కూడా గాలిమాటలా విని తగ్గించేవాడు. ఇద్దరూ పైకి ఏమీ అనుకోలేదు.

ఇప్పుడొచ్చిపడింది చిక్కు. కెమెరా సెన్సర్లు రంగుల్ని సరిగ్గా పడుతున్నాయా లేదా అని పరీక్షించే ల్యాబు ఒకటుంది, దూరంగా వేరే నగరంలో. దాని పెద్దావిడ ఏదో పని మీద వచ్చి, దారిలో కెమెరా మొరాయిస్తే ఈ కొట్టెక్కింది. పిట్ట ఆవిడ ఫోటో చూసి, ఎరుపులో ఒక చుక్క నీలం ఎక్కువ పడుతోందండీ, మీ కెమెరా కాదు, మీ సెట్టింగు తప్పు అంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఈ కన్ను ఎక్కడ నేర్చుకున్నావమ్మా, మా దగ్గరికి వచ్చెయ్ అని నంబరిచ్చి వెళ్ళింది. ఆ చోటు ఖాళీగా ఉంచేది ఈ సాయంత్రం దాకానే.

వెళ్ళవే అన్నాడు బాబాయి. ల్యాబంటే రోజంతా కూర్చోవాలి, నా వల్ల కాదు బాబాయ్ అంది పిట్ట. అది అబద్ధం. తను వెళ్ళిన మర్నాడే ఆ గోడ మీది మాట చూసి బజారు నవ్వుతుంది. ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగిన మనిషి తల దించుకుంటాడు. ఆ భయం పైకి చెప్పాలంటే ఆ మాట పైకి అనాలి. అందుకని ఫోను జేబులో పెట్టుకుని పొద్దుట్నుంచీ లెన్సులు తుడిచినవే తుడుస్తోంది.

మధ్యాహ్నం దాటాక కరెంటు పోయింది. కరెంటు పోతే ఆ వరసలో కొట్లన్నీ నోళ్ళు మూసుకుంటాయి, లెన్సయ్య ఒక్కడే తెరుస్తాడు. కుట్టుమిషను ఆగిపోయిన పక్కకొట్టు దర్జీ మెడలో టేపుతోనే వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆయనా లెన్సయ్యా ఒక బెంచీ మీద చదువుకున్నవాళ్ళు, ఇప్పటికీ ఒరేయ్ అంటే ఒరేయ్. మందుల షాపాయన విసనకర్రలా అట్టముక్క ఊపుకుంటూ వచ్చాడు. పక్కనే టీ కొట్టున్న అక్క గ్లాసులందించి, తనూ ఒక స్టూలు లాక్కుంది.

ఇది పెద్ద విషయమేం కాదు, మీరంతా ఖాళీగా ఉన్నారు కాబట్టి చెప్తున్నా, అని మొదలెట్టాడు లెన్సయ్య. ఆయన కోతలన్నీ అలాగే మొదలవుతాయి, పిల్లకాలువలా.

కొత్తగా కొట్టు పెట్టిన రోజులట. ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఏడుపుమొహం వేసుకుని వచ్చాడట. ఏ ఫోటో తీసినా కుడిపక్క ఒక నల్లమచ్చ. పెళ్ళికొడుకు చెంప మీద మచ్చ, పెళ్ళికూతురి చెంప మీద మచ్చ, వాళ్ళత్తగారి చెంప మీదా అదే మచ్చ. చూసినవాళ్ళు, రెండు కుటుంబాలూ ముందునుంచే రక్తసంబంధీకులు కాబోలు, పుట్టుమచ్చలు కలిశాయి అని గుసగుసలాడుకుంటున్నారట.

"విప్పి చూశాను. సెన్సర్ మీద ధూళి. సెన్సర్ అంటే తెలుసుగా, పాత కెమెరాల్లో రీలుండే చోట ఇప్పుడుండే పలక, తపాలాబిళ్ళంత ఉంటుంది, దాని మీద వెలుగు పడితేనే బొమ్మ. దాన్ని వేలితో ముట్టుకోకూడదు, బట్టతో రుద్దకూడదు. లోకంలో అందరూ రబ్బరు బుడ్డితో గాలి కొడతారు. నేనేం చేశానో తెలుసా? ఒక్క ఊపిరి. ఉఫ్."

కొట్టులోపల వింటున్న పిట్టకి నవ్వొచ్చింది. నోటితో ఊదితే తుంపర పడుతుంది, ఊదావంటే నీ ఉద్యోగం కూడా ఊదేస్తా అని మొదటిరోజు తనని హడలగొట్టింది ఈయనే.

ధూళి ఎగిరిపోయిందా అని అడిగాడు మందుల షాపాయన. ఎగిరిపోవడమేమిటండీ, రోడ్డు దాటి అవతల ఎవరి కంట్లోనో పడింది, ఆయన నలుపుకుంటూ కళ్ళమందు కోసం వెతికాడు, దొరకలేదు, అప్పుడే కదా ఇక్కడో మందుల షాపుండాలని జనానికి తోచింది, మీ వ్యాపారానికి మూలం ఎవరనుకున్నారు, అన్నాడు లెన్సయ్య. మందుల షాపాయన అట్టముక్క ఊపడం ఆపి, మా నాన్న ఈ సంగతి నాకు చెప్పనేలేదే అన్నాడు.

"సరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊపిరికి సెన్సర్ ఎంత శుభ్రపడిందంటే, రంగుల్ని ఉన్నదున్నట్టు పట్టడం మొదలెట్టింది. వాడు కొత్తగా రంగేసిన తలుపు ఫోటో తీశాడు. ప్రింటు ముట్టుకున్నవాళ్ళందరి వేళ్ళకీ రంగు అంటుకుంది."

"ప్రింటు ఆరలేదేమో లేరా" అన్నాడు దర్జీ.

నెల్లాళ్ళ తర్వాత ముట్టుకున్నా అంటుకుందట. అంతటితో ఆగిందా? పొయ్యిలో మంట ఫోటో తీస్తే కవరు వెచ్చబడిందట. ఆ చలికాలం ఆ ఫోటోగ్రాఫరు ఇంట్లో ఒక్కళ్ళూ స్వెట్టరు తొడగలేదట, ఫోటోని మధ్యలో పెట్టుకుని చుట్టూ పడుకున్నారట. ఒకరోజు వాళ్ళావిడ బద్ధకించి దాని మీదే పాలగిన్నె పెట్టిందట.

"కాగాయా అన్నయ్యా?" అంది టీ కొట్టు అక్క. పాల సంగతి వచ్చేసరికి ఆవిడ ముందుకి జరిగింది.

"కాగడమేమిటమ్మా, పొంగాయి. పొంగి ఫోటో ఆరిపోయింది."

టీ పొలమారి దర్జీ దగ్గాడు. లెన్సయ్య వాడి వీపు మీద తడుతూనే కథ నడిపించాడు. ఆపితే చల్లారిపోతుందని ఆయనకి తెలుసు.

అంత పని చేయిస్తే ఏ వస్తువైనా ఊరుకుంటుందా? సెన్సర్లో గొడవ మొదలైందట. ఆ పలక మీద కంటికి కనపడని గళ్ళుంటాయి, లక్షలకి లక్షలు. ఒక్కో గడికి ఒక్కో రంగే కనపడుతుంది. ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం, ఇంకోదానికి ఆకుపచ్చ. తనకి కనపడని రంగు సంగతి ఏం చేస్తుందయ్యా అంటే, పక్కగళ్ళని అడుగుతుంది. నీకెంత కనపడింది, నీకెంత కనపడింది అని. అలా చుట్టుపక్కల వాళ్ళని అడిగి అడిగి మొత్తం రంగు పూర్తిచేసుకుంటుంది. ఇక్కడిదాకా ఆయన చెప్పింది కోత కాదు, నిఖార్సైన నిజం. పిట్టకి ఆ సంగతి మొదట చెప్పింది కూడా ఆయనే. ఎందుకో అది చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ కాస్త నెమ్మదిస్తుంది.

"అయితే అందులో ఆకుపచ్చ గళ్ళు ఎరుపుకి రెట్టింపు. మన కంటికి ఆకుపచ్చ మీద మమకారం ఎక్కువ, అందుకని అలా చేశారు. ఎర్రగళ్ళకి కాలింది. వాళ్ళు ఇద్దరేసి, మేం ఒక్కొక్కళ్ళమా అని సమ్మెకి దిగాయి."

నీకెలా తెలిసిందిరా అన్నాడు దర్జీ. చెవి పెట్టి విన్నాను రా, చీమలపుట్ట దగ్గర చెవి పెట్టినట్టుంది, నినాదాలే నినాదాలు, అన్నాడు లెన్సయ్య. సరే, పెద్దమనిషిగా తనే మధ్యవర్తిత్వానికి దిగాడట. చిన్న పట్టకారు తీసుకుని ఎర్రగళ్ళ నాయకుణ్ణి పక్కకి పిలిచి, చూడు నాయనా, ఇంటికి వదినలు ఇద్దరుంటారు, ముగ్గురుంటారు, అల్లుడు ఒక్కడే ఉంటాడు, అందుకే వాడికి మర్యాద, నువ్వు ఈ ఇంటికి అల్లుడివి అని బుజ్జగించాడట.

"ఒప్పుకున్నాడా?" అంది అక్క.

"అల్లుడు కదమ్మా. అలిగాడు."

ఈసారి లోపల పిట్ట కూడా పైకే నవ్వేసింది. లెన్సయ్య ఒకసారి వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. చూసి, గ్లాసు కింద పెట్టాడు.

అలిగిన ఎర్రగళ్ళు పని పూర్తిగా మానేశాయట. ఏ ఫోటో తీసినా ఎరుపు లేదు. గులాబీలు బూడిద, పెదాలు బూడిద. మర్నాడే పెద్దింటి పెళ్ళి, పెళ్ళికూతురు ఎర్ర గౌను వేసుకుంటుందట, ఫోటోగ్రాఫరు కాళ్ళ మీద పడ్డాడట. ఏం చెయ్యాలి? ఎక్కడినుంచి తేవాలి ఎరుపు?

"ఆలోచించాను. కెమెరా విప్పి బల్ల మీద పెట్టాను. సెన్సర్ మీదకి వంగి, నా రెండు కళ్ళూ బార్లా తెరిచి, తీసుకోవే తల్లీ అన్నాను. నా కళ్ళల్లో ఉన్న ఎరుపంతా చుక్క కూడా మిగల్చకుండా అందులోకి ధారపోశాను. మర్నాడు ఆ గౌను ఫోటో చూసి పెళ్ళికూతురు గౌను విప్పేసి ఫోటోనే తొడుక్కుంటానంది. అంత ఎరుపు. ఆ రోజునుంచీ నాకు..."

ఆగాడు.

పిట్ట లెన్సు కింద పెట్టేసింది. కోతలు ఎటు పోతాయో ఆయనకి ఎప్పుడూ ముందు తెలీదు, నోరు ఎటు లాగితే అటు పోతాడు. ఈసారి నోరు తీసుకొచ్చి ఆయన్ని తన గుమ్మం ముందే నిలబెట్టింది. ఆమె గబగబా బయటికొచ్చి, టీ చల్లారిపోతోంది బాబాయ్, ఇంకోటి పొయ్యమననా అంది. ఎవరూ టీ అడగలేదు.

దర్జీ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ అన్నాడు.

"ఒరేయ్. అంతా బాగానే ఉంది. పాలు పొంగి ఫోటో ఆరిపోయిందన్నా నమ్మాను. కానీ నువ్వు ఎర్ర ఆకులూ పచ్చ గులాబీలూ వేసి డ్రాయింగు మాస్టారి చేత చెవి మెలేయించుకున్నది మూడో తరగతిలో. అదే బెంచీ మీద పక్కనే నేనున్నాను. అప్పటికి ఆ డిజిటల్ కెమెరా పుట్టనే లేదు కదరా. ఎవరికి ధారపోశావు?"

బల్ల మీద ఎవరూ నవ్వలేదు. లెన్సయ్య నోరు తెరిచాడు, అందులోంచి ఏమీ రాలేదు. అలాంటి దృశ్యం ఆ బజారు చూడలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

తెలియకేం అన్నాడు దర్జీ. నీ చొక్కాలన్నీ నీలమే ఎందుకు కుడుతున్నాననుకున్నావు, ఇంకే గుడ్డా లేకనా, నువ్వు నిజంగా చూసుకుని మురిసే రంగు అదొక్కటేనని. టీ కొట్టు అక్క చేతిగుడ్డ మడతపెడుతూ, తన దగ్గర అరటిపళ్ళు తీసుకునేటప్పుడు కూడా ఆయన చెయ్యి పెట్టకముందే తనే పండినవి ఏరి ఇస్తానని, ఆయనేమో తన బేరం చూసి భయపడి మంచివి ఇస్తోందనుకుంటున్నాడని చెప్పింది. మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. లెన్సయ్య బీపీ మాత్రల్లో పొద్దుటివి ఎర్ర అట్ట, రాత్రివి ఆకుపచ్చ అట్ట. అందుకని ప్రతిసారీ రాత్రి అట్టకి ఒక మూల కత్తిరించి ఇస్తున్నాడట. దాన్ని ఎలకలు కొట్టాయని పోయినసారి మీరు నన్ను తిట్టారు కూడా, అన్నాడు కాస్త నిష్ఠూరంగా.

పిట్ట గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కొండని ఒంటిచేత్తో మోస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. చూస్తే తలా ఒక చెయ్యి వేసి ఉంది. ఒక్కళ్ళూ పైకి అనలేదు.

లెన్సయ్య తన చొక్కా వైపు చూసుకున్నాడు. గుండీ దగ్గర నీలాన్ని వేలితో ఒకసారి తడిమాడు. తర్వాత నెమ్మదిగా వెన్ను నిటారుగా చేసుకున్నాడు. పిట్టకి ఆ కదలిక తెలుసు. కోతకి ముందు వచ్చే కదలిక అది.

"అయితే ఇన్నేళ్ళూ ఇంత బజారు చేత వెట్టిచాకిరీ చేయించుకున్నానన్నమాట, చేసేవాళ్ళకి కూడా తెలియకుండా. చూశారా, నా తెలివి."

అప్పుడు నవ్వారు. దర్జీ అందరికన్నా ఎక్కువ నవ్వాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక మందుల షాపాయనే అసలు మాట అడిగాడు, అమ్మాయి ఆ ల్యాబుకి వెళ్ళిపోతే ఫోటోల రంగులు ఎవరు చూస్తారని. పిట్ట ఉలిక్కిపడింది. ల్యాబు సంగతి ఈయనకెలా తెలుసు? ఎలా ఏముంది, బాబాయికి తెలిశాక బజారుకి తెలియని సంగతుందా.

"నేను చచ్చానా?" అన్నాడు దర్జీ. "ఏ గుడ్డకి ఏ దారం కలుస్తుందో చూడటమే కదా నా బతుకు. గోడ మీద ఒక దెబ్బ కొట్టరా, వస్తాను. ఎరుపా పచ్చా చెప్పి పోతాను. వచ్చినప్పుడల్లా ఒక టీ."

"నాకు చెప్పడానికి నీ కళ్ళజోడు సరిపోతుందా?" అన్నాడు లెన్సయ్య.

"ఇంతకాలం ఏ జోడూ లేకుండా రంగులమ్మావు. నోరు ముయ్."

లెన్సయ్య పిట్ట వైపు తిరిగాడు. ఈసారి గొంతు గళ్ళ సంగతి చెప్పినప్పటి గొంతు.

"నీకు రంగులు నేర్పింది ఎవరే?"

"నువ్వే బాబాయ్."

"మరి? కనపడనివాడి దగ్గరే అంత నేర్చుకున్నదానివి."

అంతే అన్నాడు. ఆయన వాచీ చూసి, ఆ చేతినే గాల్లో తిప్పి, మళ్ళీ బల్ల వైపు తిరిగిపోయాడు.

"ఇదేం గొప్ప కాదనుకోండి, ఊరికే చెప్తున్నా. మా పిట్ట ఆ ల్యాబులో అడుగు పెట్టింది. పెట్టగానే ఏమైందో తెలుసా? అక్కడున్న సెన్సర్లన్నీ లేచి నిలబడ్డాయి."

"ఇంకా వెళ్ళలేదు కదన్నయ్యా" అంది అక్క.

వెళ్ళకపోవడమేమిటి, అన్నాడు లెన్సయ్య. మొదటివారంలోనే ఒక సెన్సర్ వైపు చూసి నీకు ఎరుపు తక్కువైంది అందట పిట్ట, అది సిగ్గుపడి ఎర్రబడిందట, ఆ దెబ్బకి జబ్బు నయమైపోయిందట. పెద్దావిడ వెంటనే కుర్చీ దిగి, ఇందులో నువ్వే కూర్చో తల్లీ అందట. కూర్చుంటుందా మా పిట్ట, కూర్చునే రకమా? నిలబడే ల్యాబు నడుపుతోందట. వానలు వెలిసినప్పుడు ఆకాశంలో రంగులు వరసలో ఉన్నాయో లేదో చూసి చెప్పమని ఆమెకి పైనుంచి కబుర్లొస్తున్నాయట.

కరెంటు వచ్చింది. కుట్టుమిషను దగ్గర ఫ్యాను దానంతటదే తిరగడం మొదలెట్టింది. దర్జీ లేవలేదు, ఎవరూ లేవలేదు. తర్వాతేమైంది అన్నాడు మందుల షాపాయన.

పిట్ట జేబులోంచి ఫోను తీసింది. బాబాయి తనని అప్పుడే ల్యాబు దాటించి ఆకాశం దాకా తీసుకుపోయాడు. ఇంకాస్త ఆలస్యమైతే చంద్రుడికి సున్నం వేయిస్తాడు, అక్కణ్ణుంచి కిందికి దిగడం కష్టం. ఈలోపే చెయ్యాలి. ఆవిడ ఫోనెత్తితే మొదట ఏమనాలో కూడా తోచింది. ఆ రోజు మీరు అడిగారు కదండీ, ఈ కన్ను ఎక్కడ నేర్చుకున్నావని, మా బాబాయి దగ్గర, అనాలి.

బయట నవ్వులు గట్టిగా ఉన్నాయని ఆమె కొట్టు వెనకగదిలోకి నడిచింది, నంబరు వెతుక్కుంటూ.